44,100 అంకెలు కలిస్తే ఒక సెకను శబ్దం

పైథాన్ ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇచ్చే అభ్యాసాలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. ప్రధాన సంఖ్యలు కనుక్కోండి, విద్యార్థుల మార్కుల సగటు కట్టండి, కిరాణా కొట్టు బిల్లు వేయండి. పగలంతా ఆఫీసులో జీఎస్టీ లెక్కలూ ట్యాలీ ఎంట్రీలూ చూసి ఇంటికొచ్చిన మనిషికి రాత్రి మళ్లీ బిల్లులు వేయబుద్ధి కాదు. నేను చదివింది బీకాం. కోడింగ్ నేర్చుకోవడం నా సొంత సరదా, ఉద్యోగానికీ దానికీ సంబంధం లేదు. లూపులు, లిస్టులు, ఫంక్షన్ల దాకా వచ్చాక, వీటితో నాకు నచ్చిన పని ఏదైనా చేద్దామని వెతుక్కుంటే శబ్దం తట్టింది. మా అత్తయ్యగారు ఇంట్లోనే పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతారు. ఆవిడ ఎలక్ట్రానిక్ తంబురా పెట్టె పాతబడిపోయి మధ్యమధ్యలో గరగరమంటోంది. కొత్తది కొనుక్కోవచ్చు, ఫోన్‌లో యాప్‌లూ ఉన్నాయి. కానీ రికార్డింగ్ అనేదే లేకుండా, శూన్యం నుంచి ఆ నాదాన్ని కోడ్‌లో పుట్టించగలనా అన్నది నా పట్టుదల.

కంప్యూటర్‌కి శబ్దమంటే అంకెల వరుస, అంతే. స్పీకర్‌లో ఉండే పొర ఏ క్షణాన ఎంత ముందుకి రావాలి, ఎంత వెనక్కి పోవాలి అన్నది ఒక్కో అంకె చెబుతుంది. మామూలు వేవ్ ఫైల్లో ఆ అంకె -32,768 నుంచి 32,767 మధ్య ఉంటుంది. ఒక్కో అంకెని శాంపిల్ అంటారు. సెకనుకి 44,100 శాంపిళ్లు.

ఈ 44,100 దగ్గరే నేను ఆగిపోయాను. నలభై వేలో యాభై వేలో పెట్టుకోకుండా ఇదేం సంఖ్య? వెతికితే సంగతి వీడియో టేపుల దగ్గర తేలింది. సీడీలు రాకముందు డిజిటల్ శబ్దాన్ని దాచడానికి వీడియో టేపులు వాడేవారు. టీవీ బొమ్మలో అడ్డగీతలు ఉంటాయి కదా, ఒక్కో గీతలో మూడేసి శాంపిళ్లు పెట్టేవారు. అమెరికా, జపాన్ పద్ధతిలో వాడుకోగలిగిన గీతలు 245, సెకనుకి 60 సార్లు. 245 × 60 × 3 కడితే 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, సెకనుకి 50 సార్లు. 294 × 50 × 3 కట్టినా 44,100. రెండు లెడ్జర్లు ఇలా సరిపోతే మా ఆఫీసులో ఆ పూట టీలు నేనే తెప్పిస్తాను. సీడీకి కూడా అదే ఖాయమైంది. ధ్వని అల సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే ఫ్రీక్వెన్సీని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. 44,100లో సగం, అంటే 22,050 హెర్ట్జ్ వరకూ ఉన్న ధ్వనుల్ని ఈ వరుస పట్టుకోగలదు. మనిషి చెవికి అందేది మహా అయితే 20,000 హెర్ట్జ్ కాబట్టి సరిపోతుంది.

మొదటి ప్రోగ్రామ్‌కి బయటి సరుకేమీ అక్కర్లేదు. పైథాన్‌తో పాటే వచ్చే మ్యాథ్, స్ట్రక్ట్, వేవ్ అనే మూడు మాడ్యూళ్లు చాలు. సూత్రం కూడా ఇంటర్ లెక్కల పుస్తకంలోదే. శాంపిల్ నంబర్‌ని 44,100తో భాగిస్తే ఎంత సమయం గడిచిందో వస్తుంది. దాన్ని ఫ్రీక్వెన్సీతో గుణిస్తే అప్పటికి అల ఎన్ని చుట్లు తిరిగిందో తెలుస్తుంది. చుట్ల సంఖ్యని 6.2832తో గుణించి సైన్ తీయాలి, వచ్చినదాన్ని 32,767తో పెంచి పూర్ణాంకం చేయాలి. 440 హెర్ట్జ్‌కి మొదటి విలువలు 0, 2052, 4097, 6126 అని వచ్చాయి. అలా ఎక్కుతూ పోయి, పైన మెల్లగా వంగి, దిగి, సున్నా దాటి కిందికి పోయి, సుమారు వంద శాంపిళ్లకి ఒక చుట్టు పూర్తవుతుంది. ఫైలు తెరవకముందే దాని సైజు చూశాను, అకౌంట్స్ బుద్ధి ఎక్కడికి పోతుంది. ఒక సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి రెండు బైట్లు, మొత్తం 88,200. ముందు ఫైలు వివరాలుండే హెడర్ 44 బైట్లు. ప్రాపర్టీస్‌లో 88,244 అని కనిపించింది. టాలీ అయింది!

వింటే మాత్రం కూ... అని చెవిలో గుచ్చుకునే ఒంటి కూత. ఒక మాట ముందే చెప్పాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇలాంటివి పూర్తి స్థాయిలో వినొద్దు. 32,767కి బదులు అందులో ఐదో వంతుతో మొదలుపెట్టడం మంచిది. సైన్ అలలో శక్తంతా ఒక్క ఫ్రీక్వెన్సీ మీదే ఉంటుంది, పాట విన్నట్టు వింటే తలనొప్పి ఖాయం.

ఒక స్వరం వచ్చాక స రి గ మ ప ద ని స వరసగా వినిపించాలి కదా. ఎనిమిది ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. స్వరాలు సరిగ్గానే ఉన్నాయి గానీ ప్రతి రెండింటి మధ్యా టక్, టక్ అని చప్పుడు. శబ్దాన్ని బొమ్మగా చూపించే అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి బాగా పెద్దది చేసి చూస్తే కారణం కంటికే కనిపించింది. ఒక స్వరం అల మధ్యలో ఎక్కడో పైన ఉండగా ముగుస్తోంది, తర్వాతిది సున్నా దగ్గర మొదలవుతోంది. స్పీకర్ పొర ఒక్క శాంపిల్ వ్యవధిలో అంత దూరం దూకాలి. ఆ దూకుడే టక్కుమనడం. ప్రతి స్వరాన్నీ మొదట్లో 441 శాంపిళ్ల పాటు సున్నా నుంచి పైకి తెచ్చి, చివర్లో అలాగే కిందికి దించితే సద్దుమణిగింది. 441 అంటే సెకనులో వందో వంతు. చెవికి ఆ పెరుగుదల తెలియదు, చప్పుడు లేకపోవడం మాత్రం తెలుస్తుంది.

అసలు పాఠం జారుడు దగ్గర ఎదురైంది. మన సంగీతంలో స్వరం మెట్టు మీద నిలబడదు, జారుతుంది, ఊగుతుంది. అదీ చూద్దామని 200 హెర్ట్జ్ నుంచి 800 దాకా మెల్లగా ఎక్కే ధ్వని రాశాను. సూత్రంలో ఫ్రీక్వెన్సీ ఉన్న చోట మారే విలువ పెట్టడమే. ప్రింట్ చేస్తే ఆ విలువ బుద్ధిగా 200, 300, 400 అంటూ 800 దగ్గర ఆగుతోంది. వింటే మాత్రం ధ్వని 800 దాటి ఎక్కడికో పోతోంది. పక్కన విడిగా 800 హెర్ట్జ్ ఫైలు పెట్టి పోల్చాను, తేడా స్పష్టంగా ఉంది. కోడ్‌లో ఎర్రర్ లేదు, అంకెలు సరే, చెవి మాత్రం ఒప్పుకోదు.

లెక్క కాగితం మీద వేస్తే విడిపోయింది. ఫ్రీక్వెన్సీని గడిచిన సమయంతో గుణిస్తే మొత్తం చుట్లు వస్తాయనేది ఫ్రీక్వెన్సీ మారనప్పుడే నిజం. మారుతున్నప్పుడు అలా గుణించడమంటే, లోన్ వడ్డీ రేటు ఈ నెల పెరిగిందని మొదటి నెల నుంచీ కొత్త రేటే వేసి వడ్డీ కట్టినట్టు. పాత నెలల తేడా అంతా కూడా ఈ నెల మీదే పడుతుంది. 200 నుంచి 800కి వెళ్లాల్సిన ధ్వని ఆ లెక్కన చివరికి 1,400 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. పెరగాల్సింది 600, పెరిగింది దానికి రెట్టింపు. దీనికి మందు ఓపెనింగ్ బ్యాలెన్స్ పద్ధతే. అల ఇప్పటిదాకా ఎన్ని చుట్లు తిరిగిందో ఒక వేరియబుల్‌లో ఉంచుకోవాలి, ప్రతి శాంపిల్‌కీ అప్పటి ఫ్రీక్వెన్సీని 44,100తో భాగించి దానికి కలుపుకుంటూ పోవాలి, సైన్ ఆ నిల్వకి తీయాలి. దీన్ని ఫేజ్ అంటారు. ఇలా రాస్తే ఫ్రీక్వెన్సీని ఎటు తిప్పినా అల తెగదు. ఆ రాత్రి గాంధారాన్ని కాస్త ఊపి గమకం లాంటిది చేసి అత్తయ్యకి వినిపించాను. "దోమ పాడినట్టుంది, కానీ పాడుతోందమ్మా" అన్నారు. నేను దాన్ని మెప్పుదల కిందే జమ వేసుకున్నాను.

స్క్వేర్ వేవ్, సా-టూత్, ట్రయాంగిల్ అనే వేరే ఆకారాల అలల గురించి ఎక్కువ చెప్పను. సైన్ కంటే రాయడం తేలిక. సగం చుట్టు పైన, సగం చుట్టు కింద పెడితే స్క్వేర్. పాత వీడియో గేముల్లో వినిపించే గొంతు అది. ఒక్కటి మాత్రం నన్ను కూర్చోబెట్టింది. 3,000 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌లో వెనకాల ఎక్కడో వేరే స్వరం సన్నగా వినిపిస్తుంది. అత్తయ్య వంటింట్లోంచే "ఎవరో అపస్వరం కలుపుతున్నారు" అన్నారు. కలిపేది శాంపిళ్ల వరుసే. స్క్వేర్ వేవ్‌లో అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దానికి 3, 5, 7 రెట్లు ఇలా బేసి హార్మోనిక్స్ అన్నీ ఉంటాయి. పదమూడో రెట్టు 39,000 హెర్ట్జ్. 22,050 దాటినదాన్ని మన వరుస పట్టుకోలేదు, పోనీ వదిలేస్తుందా అంటే అదీ లేదు. 44,100లోంచి తీసేసి 5,100 హెర్ట్జ్‌గా వెనక్కి పంపుతుంది. 3,000కీ 5,100కీ సంగీతపరంగా పొత్తు లేదు, అందుకే అపస్వరం. సగం పైన, సగం కింద పెట్టి చేసే స్క్వేర్ వేవ్ మానేసి 3,000, 9,000, 15,000, 21,000 హెర్ట్జ్‌ల నాలుగు సైన్ అలల్ని 1, మూడో వంతు, ఐదో వంతు, ఏడో వంతు చొప్పున కలిపితే ఆ గొంతు మాయమైంది. బొమ్మలో అది అంత చదరంగా కనిపించదు. వినడానికి అదే శుభ్రం.

ఇక తంబురా. నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. అత్తయ్యది ఐదు శ్రుతి, అంటే పాశ్చాత్య పద్ధతిలో జి. షడ్జం 196 హెర్ట్జ్ అనుకుంటే సారణి, అనుసారణి 196, మంద్ర షడ్జం 98, పంచమం 147. సైన్ అలలతో ఈ నాలుగూ కలిపి వినిపిస్తే ఫ్రిజ్ మోగినట్టుంది. హార్మోనిక్స్ చేర్చితే హార్మోనియంకి దగ్గరగా వచ్చింది. మీటిన తీగ మాత్రం రాలేదు.

తీగ కోసం వెతుకుతుంటే 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతి దొరికింది. చదివినప్పుడు నమ్మలేదు. 225 రాండమ్ అంకెలు తీసుకోవాలి. వింటే అది బుస్సుమనే రొద తప్ప మరేం కాదు. ఆ 225నీ మళ్లీ మళ్లీ వరసగా వినిపించాలి, ఒక్కో చుట్టులో ప్రతి అంకె స్థానంలో దానికీ పక్కదానికీ సగటు, అంటే ఆ రెండిటి మధ్య విలువ పెడుతూ పోవాలి. అంతే. సైన్ లేదు, హార్మోనిక్స్ లెక్క లేదు. చుట్టు చుట్టుకీ రొదలోని గరుకుతనం సగటుల్లో అరిగిపోతుంది, పై హార్మోనిక్స్ ముందు పోతాయి, కింది స్వరం చివరిదాకా నిలుస్తుంది. నిజం తీగ చేసేదీ ఇదే. పది లైన్ల కోడ్ రాసి ప్లే నొక్కితే టంగ్ మని తీగ మోగింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను!

225 ఎందుకంటే 44,100ని 196తో భాగిస్తే సరిగ్గా 225. శేషం లేదు. 147తో భాగిస్తే 300, 98తో భాగిస్తే 450. అదృష్టం అనుకున్నాను గానీ 44,100 అంటే 210 వర్గం. 2, 3, 5, 7 ఒక్కోటి రెండేసి సార్లు అందులో ఉన్నాయి. మన షడ్జ పంచమాల నిష్పత్తి 2కి 3, కాబట్టి ఈ సంఖ్య మన శ్రుతికి ఇలా ఒదిగింది.

నాలుగు తీగలూ కలపడంలో ఒక చిక్కు ఉంది. అప్పటికి నేను అంకెల వరుసల మీద ఒకేసారి లెక్కలు కట్టే నంపై అనే పైథాన్ లైబ్రరీకి మారాను. పదహారు బిట్ల వరుసలు రెండు కలిపినప్పుడు 20,000కి 20,000 తోడైతే 40,000 రావాలి. ఆ సంఖ్య అందులో పట్టదు కాబట్టి కిమ్మనకుండా -25,536 అయి కూర్చుంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, స్పీకర్ మాత్రం చిరిగిపోయినట్టు అరుస్తుంది. స్ట్రక్ట్ అయితే పరిమితి దాటిందని ఆగి చెబుతుంది, ఆ విషయంలో అదే నయం. కూడికలన్నీ దశాంశాల్లో చేసి, చివర్లో అన్నిటికంటే పెద్ద విలువతో భాగించి, అప్పుడు పూర్ణాంకాలుగా మార్చడం క్షేమం.

మొత్తానికి నాలుగు తీగల్నీ ప, స, స, మంద్ర స వరసలో మీటించి ఒక నిమిషం ఫైలు చేసి అత్తయ్య ముందు పెట్టాను. కళ్లు మూసుకుని విన్నారు. "తీగలు బాగున్నాయి. శ్రుతే నిలబడటం లేదు, అలలా వచ్చి పోతోంది" అన్నారు.

"శేషం లేకుండా భాగించాను అత్తయ్యా, తప్పే అవకాశం లేదు."

"నీ భాగహారం నాకు తెలియదమ్మా. పంచమం వేరే ఊళ్లో ఉంది."

కాగితం తీస్తే ఆవిడ మాటే నిజం. పక్కపక్క రెండు అంకెల సగటు ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో పడుతుంది. అంటే చుట్టు పొడవు 225 కాదు, 225న్నర. అప్పుడు షడ్జం 195.57 హెర్ట్జ్. పంచమం 300న్నరకి 146.76. అన్ని తీగలకీ ఒకే నిష్పత్తిలో తగ్గి ఉంటే గొడవ లేదు, కానీ అన్నిటికీ అర శాంపిలే కలిసింది. పొట్టి తీగకి అర ఎక్కువ భారం, పొడుగు తీగకి తక్కువ. షడ్జం మూడో హార్మోనిక్, పంచమం నాలుగో హార్మోనిక్ రెండూ 588 దగ్గర కలవాలి. ఇప్పుడు వాటి మధ్య హెర్ట్జ్‌లో మూడో వంతు తేడా, సుమారు మూడు సెకన్లకోసారి వచ్చి పోయే అల. అత్తయ్య విన్నది దాన్నే.

రెండు అంకెలు బదులు మూడు తీసుకుంటే మధ్యది కచ్చితంగా మధ్యలోనే ఉంటుంది కదా అని తోచింది. నడిమి అంకెకి 0.8, అటూ ఇటూ ఉన్నవాటికి 0.1 చొప్పున వాటా ఇచ్చాను. చుట్టు సరిగ్గా 225కి వచ్చింది, శ్రుతి నిలబడింది. ఇంకో రెండు చిన్న సర్దుబాట్లు. మంద్రం ఎంతకీ ఆగడం లేదు కాబట్టి ప్రతి చుట్టులో 0.998తో తగ్గించాలి. మొదటి రాండమ్ అంకెల సగటు సున్నా కాకపోతే ఆ మిగులు సగటుల్లో కరగదు, స్పీకర్ పొరని ఒక పక్కకి నెట్టి ఉంచుతుంది, కాబట్టి ముందే దాన్ని తీసేయాలి.

ఇంతా చేస్తే వచ్చింది మంచి తీగే గానీ పూర్తి తంబురా కాదు. తంబురాలో గుర్రం మీద తీగ కింద సన్నటి దారం పెడతారు, జీవ అంటారు. జుమ్మనే ఆ రవళి దాని వల్లే. 1921లో సి.వి. రామన్ వీణ, తంబురాల మీద రాసిన వ్యాసంలో పట్టుకున్నది ఇదే. ఆయన చిన్నతనం మన విశాఖపట్నంలో గడిచిందని చాలామందికి తెలుసు, తంబురా తీగల మీద పని చేశారని నాకు ఈ వెతుకులాటలోనే తెలిసింది. మామూలు తీగని ఎక్కడ మీటితే అక్కడ కదలకుండా ఉండాల్సిన హార్మోనిక్స్ వినిపించకూడదు. తంబురాలో అవి కూడా బలంగా వినిపిస్తాయి. వంపు తిరిగిన ఆ గుర్రం మీద తీగ తాకుతూ వదులుతూ ఉండటమే కారణం. నా కోడ్‌లో గుర్రం లేదు. ఒక్కో హార్మోనిక్‌నీ కొంచెం ఆలస్యంగా పైకి లేపే సైన్ అలల్ని తీగ మీద సన్నగా కలిపి సగం దాకా వచ్చాను. మిగతా సగానికి ఇంకా గణితం నేర్చుకోవాలి.

ఈలోగా అత్తయ్య ఆ ఫైలుతోనే సాధన మొదలుపెట్టేశారు. "ఒక పాపది ఐదున్నర శ్రుతి, దానికీ చేసిపెట్టమ్మా" అన్నారు. ఐదున్నర అంటే 207.65 హెర్ట్జ్. 44,100ని దానితో భాగిస్తే 212.38. శేషం లేని భోగం అయిపోయింది. దశాంశపు పొడవు చుట్టుకి వేరే ఫిల్టర్లు ఉన్నాయి గానీ, నాకు దగ్గరి దారి వేవ్ మాడ్యూల్‌లోనే కనిపించింది. శాంపిళ్లని ముట్టుకోకుండా, ఫైలు హెడర్‌లో 44,100 అని రాసే చోట 46,722 అని రాశాను. ప్లేయర్ అవే అంకెల్ని కాస్త వేగంగా చదువుతుంది, అన్ని తీగలూ అర శ్రుతి పైకి లేస్తాయి, నిష్పత్తులు చెక్కుచెదరవు.

ఆవిడ రెండు ఆవర్తాలు విని, "శ్రుతి సరే, మీటేవాళ్లకి ఏదో తొందరున్నట్టుంది" అన్నారు. ఆరు శాతం తొందర. తీగకీ తీగకీ మధ్య విరామాన్ని అదే ఆరు శాతం పెంచి మళ్లీ ఫైలు రాశాను. ఇప్పుడు శ్రుతి ఇస్తే ఈ రెండు లెక్కలూ కట్టి ఫైలు చేసే ఫంక్షన్ ఒకటి ఉంది. నాలుగున్నర వాళ్లకి 41,625.